ఎవరూ టీ పెట్టని సాయంత్రం

ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఒక వంటింట్లో కరెంటు కెటిల్ కాగుతోంది. విద్యుత్ కంట్రోల్ రూములో పనిచేసి రిటైరైన తాతకు మనవరాలు ఫోన్ చూపిస్తోంది.

"చూడు తాతా, మీ అంతరిక్షం సీరియల్ మూడో సీజన్ కోటిమంది చూశారు. ఈ ఏడాది సీజన్ ముప్పై లక్షలే."

"అప్పుడున్నవి మూడు ఛానెళ్లేనే, పిచ్చిదానా."

"అయితే అందులో గొప్పేం లేదన్నమాట!"

"నీ ఫోన్‌లో ఎంతమంది చూశారన్న లెక్కే ఉంది. ఎలా చూశారో మాకు తెలిసేది. ఎపిసోడ్ అయిపోగానే దేశమంతా లేచి టీకి కెటిల్ పెట్టేది. దానికి సరిపడా కరెంటు ముందే సిద్ధం చేసుకుని కూర్చునేవాళ్లం."

"ప్రతి వారమా?"

"ప్రతి వారం. ఆ సీరియల్లో హీరో కెప్టెన్ టాల్విన్ చచ్చిపోయిన రోజు మాత్రం ఎపిసోడ్ అయిపోయినా కరెంటు వాడకం చూపే మీటరు ముల్లు కదల్లేదు. మీటరే పాడైందనుకుని హడలిపోయాం."

"పాడైందా?"

"నిక్షేపంగా ఉంది. అనుమానం తీరక ఇంటికి ఫోన్ చేసి, 'టీ పెట్టుకోలేదా?' అని మీ నానమ్మనడిగాను."

"ఏమంది?"

"'నీకసలు మనసుందా? ఆయన పోయి ఐదు నిమిషాలు కాలేదు, అప్పుడే టీ ఏంటి?' అని ఏడుస్తూ ఫోన్ పెట్టేసింది."