చెవి పెట్టి విన్న మాట

(మొగల్తూరు దగ్గర ఓ పల్లెలో కల్యాణమండపం. మూర్ఛ జబ్బు గురించి డాక్టర్ సత్యప్రసాద్ ఊరివాళ్ళకి చెప్పడం అయిపోయింది. అందరూ వెళ్ళిపోయారు, ఒక్క ముసలావిడ తప్ప.)

"అది కాదు బాబూ, నేనడిగింది వేరు. అలా పడిపోయిన మనిషి మాట్లాడుతుందా అని."

"ఎప్పుడండి మామ్మగారూ, లేచాకా?"

"లేచాక ఎవరైనా మాట్లాడతారు. కొట్టుకుంటున్నప్పుడు."

"లేదండి. అప్పుడు ఒంటి మీద తెలివుండదు. మొదట్లో ఒక కేక రావచ్చు, తర్వాత గొంతులో గురకలాగా. మాట రాదు."

"ఒక్క మాటైనా?"

"ఒక్కటి కూడా రాదండి. ఎవరికి, ఇంట్లో ఎవరికైనా..."

"'ఈ పిల్లని పొలిమేర దాటించకండి' అని. అంత పొడుగు మాట. రాదా?"

"రాదండి. ఇలా కుర్చీలో కూర్చోండి. ఎవరన్నారా మాట?"

"నేనేనండి. నేనన్నానని చెప్పారు."

"మీకు వస్తుందా మూర్ఛ?"

"మూర్ఛ అని ఇవాళ మీరంటున్నారు. మా ఊళ్ళో అమ్మవారంటారు. నేను కాపరానికొచ్చిన మూడో నెల, జాతర. అమ్మవారి గరగ కుండలు నెత్తిన పెట్టుకుని డప్పుల ముందు ఆడుతున్నారు. నేను కర్పూరం పళ్ళెం పట్టుకు నిలబడ్డాను. అంతేనండి, అంతవరకే నాకు తెలుసు. కళ్ళు తెరిచేసరికి వేపమండల మీద పడుకోబెట్టున్నారు. నాలుక తెగి నోరంతా రక్తం. ఊరంతా నా కాళ్ళకి మొక్కుతోంది. పదహారేళ్ళ పిల్లని. మా మామగారు కూడా మొక్కబోతే సిగ్గేసి కాళ్ళు ముడుచుకున్నాను. ఈ ఏడు చేలు మునగవని అమ్మ నా నోట పలికిందిట. నాకేం గుర్తు లేదు. తల పగిలిపోతోంది, నిద్ర ముంచుకొస్తోంది. ఒళ్ళంతా పసుపునీళ్ళు."

"పసుపునీళ్ళు ఎవరు పోశారండి?"

"మా అత్తగారు, సూర్యకాంతమ్మగారు. అప్పట్నించీ నేను పడ్డానంటే చాలు, ముందు బిందెడు కుమ్మరించేవారు. ఆ తర్వాత నా నోటి దగ్గర చెవి పెట్టి, అమ్మ ఏం పలికిందో పైకి చెప్పేవారు. నా గొంతు గురగురమనడం తప్ప మిగతావాళ్ళకి ఏమీ వినపడేది కాదుట. ఆవిడకి వినపడేది."

"ముందు నీళ్ళెందుకండి?"

"ఆచారం."

"మామ్మగారూ, పడిపోయినప్పుడు మీకు తెలీకుండానే చీర తడిసేదా?"

"మొగపిల్లాడివి, నీకు చెప్పడమేంటి బాబూ."

"డాక్టర్నండి."

"తడిసేది. పసుపునీళ్ళలో కలిసిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు."

"అంటే ఇది జబ్బని ఆవిడకి తెలుసన్నమాట."

"ఆవిడ చెడ్డమనిషి కాదండి. మీరలా చూడకండి. మూర్ఛ కోడలంటే ఆ రోజుల్లో పుట్టింట దింపేసి మళ్ళీ తీసుకొచ్చేవారు కాదు. మా వీధిలోనే ఒకావిణ్ణి అలా దింపేశారు. అమ్మవారొచ్చే కోడల్నైతే నెత్తిన పెట్టుకున్నారు. ఆవిడ నా కాపరం నిలబెట్టారు. రాత్రి నా నాలుక్కి వెన్న రాసేవారు, మాట్లాడకుండా. నేనూ అడగలేదు. అడిగితే ఏం చెబుతారో అని."

"పొలిమేర దాటించకండన్నది ఎవరికండి?"

"పాపాయి అని, మా చేలో నాట్లకొచ్చే మనిషి. దాని కూతురికి ఎనిమిదేళ్ళు. ఒళ్ళు పేలిపోయే జ్వరం. నరసాపురం ఆస్పత్రికి తీసుకెళ్ళనా తల్లీ అని అమ్మనడగడానికొచ్చింది. వాళ్ళాయన బండి కట్టుకుని మా వాకిట్లో సిద్ధంగా ఉన్నాడు. మరి ఆ రోజు నేను పడ్డాను. ఎందుకు పడ్డానో."

"అది మీ చేతిలో లేదండి."

"మూడు రోజులు పొలిమేర దాటించకండి, పసుపూ వేపాకూ చాలన్నానుట. బండి విప్పేశారు. మూడో రోజు పొద్దున్న ఆ పిల్ల పోయింది."

"మీ అత్తగారేమన్నారు?"

"ఆవిడ ఆ రోజు అన్నం తినలేదు. అంతే. మర్నాడు మామూలే. ఆవిడ పోయి పదేళ్ళయింది. ఇప్పుడు మా అబ్బాయి చంద్రరావు చెవి పెడతాడు. వాడికీ వినపడుతుందిట. వాడు అబద్ధమాడే మనిషి కాదు, నిజంగానే వినపడుతుందనుకుంటాడు. పాపాయి ఇప్పటికీ ప్రతి జాతరకీ వస్తుందండి. నా పిల్ల అన్నం తింటోందా తల్లీ అని అడుగుతుందిట. నా ఒళ్ళో ఉంది, తింటోంది అని చెబుతానుట. అది కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోతుందిట. చెబుతానుట. అన్నీ చెబుతానుట బాబూ."

"మంచినీళ్ళు తాగండి."

"ఒద్దు. ఇంకోటి చెబుతాను, ఇది మా ఇంట్లో కూడా తెలీదు. తెలివొచ్చేముందు ఒక్క క్షణం, జనం కాళ్ళ మధ్యలోంచి ఓ ఎనిమిదేళ్ళ పిల్ల నన్నే చూస్తూ కూచునుంటుంది. తడి జుట్టు. ఏమీ అడగదు."

"తెలివొచ్చేటప్పుడు కొందరికి అలా కనపడుతుందండి. అదీ మెదడులోంచి వచ్చేదే. మీరు చెప్పినవన్నీ చూస్తే మూర్ఛలాగే ఉంది, పరీక్ష చేసి చెబుతాను. మాత్రలు వేసుకుంటే ఈ పడిపోవడం తగ్గుతుంది, ఈ వయసులో కూడా."

"ఆ పిల్ల కూడా పోతుందా?"

"పోవచ్చండి."

"అయితే నాకొద్దు. దాన్ని ఒకసారి పంపేశాను, చాలు. నేనొచ్చింది నా గురించి కాదు బాబూ. మా మనవరాలు హారతి. చంద్రరావు కూతురు. తొమ్మిదో క్లాసు. సోమవారం బళ్ళో ప్రార్థన దగ్గర పడిపోయింది. నాలుక తెగింది."

"ఆస్పత్రికి తీసుకెళ్ళారా?"

"మాస్టారు తీసుకెళ్దామంటే మావాడు ఒప్పుకోలేదు. మా అమ్మ మీదకొచ్చే తల్లే, ఇంటి పిల్లని ఎంచుకుందన్నాడు. శుక్రవారం జాతర. ఎర్రచీర తెచ్చాడు దానికి. రాత్రి అది నా పక్కలో దూరి అడిగింది. నాన్నమ్మా, నాకేం గుర్తుండదు కదా, మరి నేను చెప్పింది తప్పయితే ఎవరికైనా ఏమైనా అవుతుందా అని. నేను నిద్రపోయినట్టు పడుకున్నాను."

"ఈ వయసులో మొదలెడితే చాలామందికి మాత్రలతో పూర్తిగా అదుపులోకొస్తుందండి. నేనే మీ ఇంటికొచ్చి ఆయనతో మాట్లాడతాను."

"మిమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి, కొబ్బరిబోండం కొట్టిచ్చి, కారు దాకా సాగనంపుతాడు. మర్యాదస్తుడు. మాట మాత్రం వినడు."

"పోనీ మీరు చెప్పండి. కన్నతల్లి కదా."

"చెప్పాను. అప్పుడు నీకు తెలివే ఉండదు కదమ్మా, నీకేం తెలుసన్నాడు. అదీ నిజమే. వాడు అమ్మవారి మాట తప్ప ఎవరి మాటా వినడండి."

"మరి ఏం చేద్దామంటారు?"

"ఇందాక అందరికీ ఆ తెర మీద చూపించారే, ఒకావిడ పడిపోవడం. అదొక్కసారి మళ్ళీ వెయ్యండి."

"అదెందుకండి? మీకు బాధగా ఉంటుంది."

"ముందు ఏ చెయ్యి బిగుసుకుంటుందో, కళ్ళు ఎటు తిరుగుతాయో చూసుకోవాలి బాబూ. నన్ను నేను ఎప్పుడూ చూసుకోలేదు కదా. శుక్రవారం డప్పులు మొదలవగానే, హారతికి చీర కట్టకముందే, నేను పడాలి. మావాడు వంగి చెవి పెట్టేలోపల, పిల్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని ఊరంతా వినేలా చెప్పాలి. ఈసారి నేనే."