అక్క ఇత్తానన్న పిలక

అంకాయమ్మని ఒకావిడుండేది. ఆవిడ మొగుడు తాతబ్బాయి. మన గోదారి గట్టుకివతల ఊరే అనుకో, ఊరి పేరెందుకులే, ఆ ఇంటోళ్ళు ఇంకా ఉన్నారు, ఇంటే బాగోదు. మంచి మనిషేనంట. చేతికి ఎముక లేదనుకో, ఉప్పడిగితే పప్పు కూడా పెట్టి పంపే రకం. అలాంటి మనిషి ఒక్క సంగతిలో పిడికిలి బిగించింది. ఆ ఒక్కదానికే ఇంత కథయ్యింది. ఇదిగో, మీరు చింతపండు పిక్కలు తీత్తా ఇనండి. చేతులాగిపోతే నేను చెప్పను. నువ్వు రాసుకునే బాబూ, నీకు పిక్కలక్కర్లేదులే, నువ్వు రాసుకో.

ఏమైందంటే, అంకాయమ్మ పుట్టిల్లు గువ్వలలంక. గోదారి మధ్యలో ఉండేదంట ఆ లంక. మీరెవరూ చూడలేదు, నేనూ చూడలేదు, మా అమ్మమ్మ నావలో ఎల్తా చూసిందంట. ఏటేటా వరదొచ్చి అంచు కొంచెం కొంచెం నాకేసి ఎల్లిపోయేదంట గోదారి. ఓ ఏడు పశువులపాకలు పోయినయ్యి. పైయేడు కూరపాదులు పోయినయ్యి. ఆ పైన ఇళ్ళు. జనం ఒక్కొక్కళ్ళే మూటలు కట్టుకుని గట్టుకొచ్చేసేరు. ఆఖరికి మిగిలింది ఎవరయ్యా అంటే అంకాయమ్మ తల్లి, మొండి ముసలమ్మ. మట్టి ముద్దలు ముద్దలుగా విరిగి నీళ్ళలో పడతా ఉంటే అప్పుడు ఎక్కిందంట నావ. రేవులో దిగితే చేతిలో ఏమీ లేదు. అదేంటమ్మా, బిందెలేవి అన్నారంట. గోదారికే వదిలేసేను, నీళ్ళు తోడుకుంటాదిలే అందంట. మంచమేదమ్మా? అది కూడా దానికే, మనందర్నీ ఎల్లగొట్టి అలిసిపోయింది కదా, పడుకుంటాది అందంట. చూసేరా నోరు! మరి ఒళ్ళో ఏంటయ్యా అంటే, తడి గోనెపట్టాలో చుట్టిన అరటి పిలక. దుంపకి లంక మట్టి అలాగే ఉంది.

ఆ అరటి మామూలు అరటి కాదంట. చక్కెరకేళీ కాదు, అమృతపాణీ కాదు, కర్పూర అరటీ కాదు. ఆ లంకలోనే పుట్టింది, ఆ లంకలోనే ఉంది, ఇంకెక్కడా లేదు. లంకరటి అనేవోరంట. తోలు పలచన, పండు ముగ్గితే ఈ ఇంట్లో ముగ్గిన సంగతి ఆ వీధికి తెలిసిపోయేదంట. ఆ వరదకే లంక మొత్తం ఎల్లిపోయింది. ఇల్లు లేదు, వాకిలి లేదు, నిలబడ్డానికి మట్టి కూడా లేదు. గువ్వలలంకని ఒకటుండేది అనడానికి లోకం మొత్తమ్మీద మిగిలింది ఆ పిలకొక్కటే. దాన్ని ముసలమ్మ కూతురి దొడ్లో, స్నానాల బండ పక్కన, నీళ్ళు పారేచోట పాతింది. బాగా లేచింది. పువ్వేసింది. పువ్వేసిన నెలలోనే ముసలమ్మ పోయింది. పోయేముందు అంకాయమ్మ చెయ్యట్టుకుని, మొక్క జాగర్తే అమ్మా, అది పోతే మనకింక ఊరే లేదు అందంట. ఆ మాట అంకాయమ్మ చెవిలో పడింది కాదు, గుండెల్లో దిగింది.

గెల పక్వానికొచ్చింది. కోసేరు. అంకాయమ్మకో చెల్లెలుంది, బుల్లెమ్మ. దాన్ని కాలవకి అవతల దూరపూళ్ళో ఇచ్చేరు, లేనింటి కాపరం. అదీ వచ్చింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ గుమ్మంలో కూచుని చెరో పండు ఒలుచుకుని నోట్లో పెట్టుకున్నారంట. పెట్టుకుని ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, నోట్లో పండు నోట్లోనే ఉండగా ఏడిచేరంట. అమ్మ గుర్తొచ్చింది, లంక గుర్తొచ్చింది, చిన్నప్పుడు ఇసకలో ఆడుకున్న ఆటలన్నీ గుర్తొచ్చినయ్యి. అలా ఏడుత్తానే తిన్నారు.

మర్నాడు పొద్దున్న తాతబ్బాయి కత్తి పట్టుకుని దొడ్లోకొచ్చేడు. ఆయన అరటితోటల్లో పుట్టి పెరిగినోడు కదా. ఏంటయ్యా అంటే, గెల దించేం కదే, ఇంక చెట్టు నరికేద్దాం అన్నాడు. మీకు తెలీందేముంది, అరటి ఒక్కసారే గెలేత్తాది, అక్కడితో దాని పని సరి. దాన్ని నరికి దాని బోదె అక్కడే పడేత్తే, పక్కన పిలకకి ఎండా తగులుత్తాది, బలమూ వత్తాది. ఊళ్ళో పసిపిల్లనడిగినా చెబుద్ది. అంకాయమ్మకీ తెలుసు. తెలిసినా అడ్డమెల్లి చెట్టుని కావిలించుకుందంట. మా అమ్మని నరుకుతావా నా కళ్ళముందు! అమ్మేంటే, అరటి చెట్టు కదే అన్నాడు పాపం. నువ్వు అల్లుడివి, నీకు అరటి చెట్టే అందంట. ఆయన కత్తి తీసుకెల్లి చూర్లో పెట్టేసేడు.

అప్పట్నించీ చూడండి. ఆవిడ ఆ చెట్టుకి వెదురు పోటు పెట్టింది, ఒరిగిపోకుండా. తల్లి పాత చీర తెచ్చి బోదెకి చుట్టింది. శుక్రవారం శుక్రవారం పసుపూ కుంకం. చెట్టు చుట్టూ పిలకలొచ్చినయ్యి, కోడి చుట్టూ పిల్లల్లాగ. ముద్దుగా ఉన్నయ్యి. ఉన్నయ్యంతే. ఎదగవు! పొద్దున్న చూసేది, ఎదగలేదు. సాయంత్రం చూసేది, ఎదగలేదు. వానాకాలం ఎల్లింది, చలికాలం ఎల్లింది, ఎదగలేదు. ఇంకేం చేత్తాది, పెట్టడం మొదలెట్టింది. బియ్యం కడిగిన నీళ్ళు వాటికే. పొయ్యిలో బూడిద వాటికే. చేపలు కడిగిన నీళ్ళు వాటికే. పేడ సంగతి చెప్పక్కర్లేదు. ఆఖరికి మజ్జిగ కూడా పోసిందంట, మొగుడి కంచంలో నీళ్ళ మజ్జిగ పోసి చిక్కటిది తీసుకెల్లి పిలకలకి పోసింది. నవ్వకండే, నవ్వకండి. వాటి దగ్గర గొంతుక్కూచుని, లెగండర్రా, మా తల్లుల్లారా లెగండి, అమ్మమ్మ చూత్తంది లెగండి అని బతిమాలేదంట. అమ్మమ్మేమో పైన ఆకులు కప్పుకుని నిలబడి ఉంది, పిల్లలేమో కింద చీకట్లో ఉన్నారు. ఎలా లెగుత్తారు?

తాతబ్బాయి ఇంకోమాటు చెప్పి చూసేడు. పోనీ తల్లిని నరకొద్దులే, పిలకల్లో బలమైంది ఒక్కటుంచి మిగతావి తవ్వేద్దాం. ఒక్క తొట్టి దగ్గర అన్ని దూడల్ని కడితే ఏ దూడ కడుపు నిండుద్దే? అన్నాడు. ఆవిడ చెయ్యి చాపి వేళ్ళు చూపించిందంట. ఏది కోసుకోమంటావు, చెప్పు! ఇంక ఆయన ఆ దొడ్డివైపు చూడ్డమే మానేసేడు.

అదిగో, అలాంటప్పుడు బుల్లెమ్మొచ్చింది. తొలకరి చినుకులు పడ్డయ్యి, మొక్క పాతుకునే అదును. నెత్తిమీద గంప, గంపలో తడి గోనెపట్టా. తల్లి ఎలా తెచ్చిందో అలాగే అన్నమాట. అక్కా, నాకో పిలకియ్యవే, మా దొడ్లో ఏసుకుంటాను. నాకూ అమ్మే కదా అందంట. అంకాయమ్మ చూడండి, ఎవరొచ్చి ఏదడిగినా లేదనని మనిషి, తోడబుట్టిందొచ్చి అడిగితే సాకు ఎతికింది. ఇత్తానే, ఇవ్వనంటానా? చూడు, ఎంతెంతున్నయ్యో! పాలు తాగే పిల్లల్లాగున్నయ్యి. ఎదగనీ. ఎదిగేక నేనే కబురెడతాను అందంట. చిన్నదైతేనేంటక్కా, నేను పెంచుకుంటాను. అమ్మ ఒళ్ళో పెట్టుకొచ్చింది మాత్రం ఎంతుందని? అంది బుల్లెమ్మ. అంటా పైకి చూసి, ఇదేంటే అక్కా, ఈ చెట్టింకా నరకలేదేంటి, అమ్మయితే గెల కోసిన కత్తితోనే చెట్టునీ నరికేది కదే, మర్చిపోయేవా? అంది. అంకాయమ్మేమో, అన్నం తిని ఎల్దువుగానిలే, నీళ్ళు తెత్తానుండు అని బిందె తీసుకుని కాలవకెల్లిపోయింది.

ఎల్లింది గానీ కాళ్ళు ముందుకి పడవు. గోడకి గునపం ఆనించి ఉంది! పిలకలున్నయ్యి, గంపుంది, గోనెపట్టా ఉంది, చెల్లెలొక్కతీ ఉంది. అది గుర్తొచ్చేసరికి సగం బిందె ముంచుకుని ఒకటే పరుగంట. చీర కుచ్చిళ్ళు తడిసిపోతన్నాయి, నీళ్ళు తొణికిపోతన్నాయి, చూసినోళ్ళు ఇంట్లో ఎవరికేమైందో అనుకున్నారంట. వచ్చి చూత్తే ఏముంది? బుల్లెమ్మ స్నానాల బండమీద కూచుని, తూర్పుపక్క సన్నాకు పిలకుంది చూడండి, అన్నిట్లోకీ బలమైంది అదే, దాని చుట్టూ గడ్డి పీకుతంది. గునపం ఎక్కడిదక్కడే ఉంది. అన్నం పెట్టింది, తినింది. ఎల్తన్నప్పుడు గంపలో వంకాయలేసి పంపింది అంకాయమ్మ. పిలకడిగితే వంకాయలు! అయినా అది, ఎదిగేక కబురెట్టక్కా అని గంప నెత్తినెట్టుకుని ఎల్లిపోయింది. అది మలుపు తిరిగిందో లేదో, అంకాయమ్మ దొడ్లోకి పోయి పిలక పిలక దగ్గరా వొంగి చూసిందంట, మట్టి ఎక్కడన్నా కదిలిందేమోనని. కదల్లేదు. అన్నీ ఉన్నయ్యి. అమ్మయ్య అనుకుందంట. తర్వాత తర్వాత ఆ అమ్మయ్య అన్న మాటకే ఎక్కువ ఏడిచిందంట ఆవిడ.

ఆ ఏడు వానలు దండిగా పడ్డయ్యి. చీర చుట్టిన చెట్టు, ఎండ తగలదు, గాలి తగలదు, లోపల్లోపలే కుళ్ళింది. కుళ్ళిన బోదెలో పురుగు చేరుద్ది కదా, దుంపపురుగు, నల్లటిది. అది తల్లి దుంపలోంచి పిల్ల దుంపల్లోకి పాకింది. పైకేం తెలీదు. ఆవిడ నీళ్ళు పోత్తానే ఉంది, మజ్జిగ పోత్తానే ఉంది. ఓ రోజు మధ్యాహ్నం గాలేసింది. పెద్ద గాలేం కాదు, ఆరేసిన బట్టలెగిరే గాలి. ఆ గాలికి చెట్టు ఇరిగి, పోటుకర్రతో సహా, చీరతో సహా పిలకల మీద పడిపోయింది. తాతబ్బాయి పరిగెత్తుకొచ్చి ఎత్తి పక్కన పడేసి, పిలకల్నైనా బతికిద్దామని గునపం పట్టేడు. ఒకటి తవ్వి దుంప కోసి చూసేడు, లోపలంతా నల్లగా తొలిచేసుంది. ఇంకోటి తవ్వేడు, అదీ అంతే. అంకాయమ్మ పక్కన నిలబడి, అది చూడయ్యా, ఆ తూర్పుపక్కది చూడు, సన్నాకుది, అది బాగుంటాది అందంట. అదీ అంతే. అన్నీ తవ్వేసేడు. ఒక్కటీ లేదు. గువ్వలలంక రెండోసారి మునిగిపోయింది. ఈసారి గోదారి తప్పేం లేదు.

ఏడుత్తాదనుకున్నారు, ఏడవలేదు. ఆ గొయ్యి అంచున కూచుని ఉండగా ఆవిడకో ఆలోచనొచ్చింది. ఆ రోజు నేను కాలవకెల్లేను కదా. గునపం అక్కడే ఉంది కదా. చెల్లెలు ఊరికే కూచునుంటాదా? ఏ చాటునున్న పిల్ల పిలకో తవ్వి, గోనెపట్టా కింద దాచేసి, మట్టి సర్దేసుంటాది. నేనే సరిగ్గా చూసుండను. దొంగిలించిన మొక్క బాగా బతుకుతాదంటారు కూడాను! అంతే, లేచింది. కట్టుబట్టతోనే బయల్దేరింది. దారిలో అమ్మోరి గుడొత్తే బయట నిలబడి దణ్ణం పెట్టుకుందంట. అందరూ ఏం మొక్కుతారు? మావాళ్ళు చల్లగుండాలి, మంచోళ్ళవ్వాలి అని మొక్కుతారు. ఈవిడేమో, తల్లీ, నా చెల్లెలు దొంగై ఉండాలి, నీకు చలిమిడి చేసి పెడతాను, నా చెల్లెలు దొంగై ఉండాలి అని మొక్కుకుందంట. అలాటి మొక్కు ఆ అమ్మోరు మాత్రం ఎప్పుడన్నా ఇనుంటాదా?

బుల్లెమ్మ ఇంటికెల్లేసరికి అది వాకిట్లో చాట పట్టుకుని ఉంది. అక్కని చూసింది. చూసి చాట అక్కడే పడేసి, తెచ్చేవా అక్కా, ఎదిగిందా? అంటా లోపలికి పరిగెత్తి చెంబుడు నీళ్ళట్టుకొచ్చింది. కాళ్ళు కడుక్కోడానిక్కాదు, మొక్కకి పొయ్యడానికి. రా, చూడు, ఎక్కడేత్తానో చూడు అని చెయ్యట్టుకుని దొడ్లోకి లాక్కెల్లింది. అక్కడ గొయ్యుంది. చక్కగా తవ్విన గొయ్యి, అడుగున మాగిన పేడ, పైన బూడిద, చుట్టూ గడ్డిపోచ లేకుండా చెక్కేసుంది. కోళ్ళు కెలక్కుండా ముళ్ళకంప కూడా వేసింది. గంపలో వంకాయలెట్టుకుని ఎల్లిన రోజే తవ్విందంట. అక్క ఎదిగేక ఇత్తానంది కదా, రేపో మాపో ఎదుగుద్ది, గొయ్యి సిద్ధంగా ఉండాలి కదా అని, వానకి పూడిపోయినప్పుడల్లా మళ్ళీ మళ్ళీ తవ్వుకుంటా కూచుందంట పిచ్చిది. గొయ్యి ఖాళీగా ఉంది.

అంకాయమ్మ ఆ గొయ్యి వంక చూసింది, చెల్లెలి వంక చూసింది. ఆ రోజు నేను కాలవకెల్లినప్పుడు తియ్యలేదే నువ్వు? అందంట. బుల్లెమ్మ బెదిరిపోయి, లేదక్కా, అమ్మతోడు. గునపం చేత్తో పట్టుకున్న మాట నిజవే. అక్క లేనప్పుడు అక్క సొత్తు తీత్తే అమ్మ ఊరుకోదని మళ్ళీ గోడకి ఆనించేసేను. నేను తియ్యలేదక్కా, నువ్వు చూసుకో, నేను తియ్యలేదు అని ఒట్లు మీద ఒట్లు పెడతందంట. అంతే, అంకాయమ్మ దాని ఈపుమీద దబదబా బాదేసింది. తియ్యకపోయేవా! దొంగతనం చెయ్యకపోయేవా! నీకు చేతులెందుకిచ్చేడే దేవుడు, తియ్యకపోయేవా! అని కొడతా కొడతా, అదే ఈపుమీద పడి ఏడిచిందంట. బుల్లెమ్మకి ఎందుకు కొడతందో తెలీదు. చేతిలో చెంబు చేతిలోనే ఉంది.

అదర్రా సంగతి. ఆ పండు ఇంక ఎవరూ తినలేదు, తినరు. దాని వాసనెలా ఉండేదని నన్నడక్కండి, నాకు తెలీదు, మా అమ్మమ్మకీ తెలీదు. బుల్లెమ్మ మంచిదేనంటారు అందరూ. మంచిదే. అంత మంచితనం ఏం చేసుకోను, కూరొండుకోనా? అడిగితే ఇచ్చే చెయ్యి మీకుంటే సరే. లేదంటే కనీసం కాపలా కాయకండి. మా దొడ్లో అరటి గుబురు చూసేరు కదా, కంచెవారగా ఉంటాది. మధ్యాహ్నం అన్నం తినగానే నేను అటు ఈపు పెట్టి పడుకుంటాను. గునపం చప్పుడైనా సరే ఇటు తిరగను. ఏంటే సుబ్బులూ, తలొంచేసుకున్నావు? మీ పెరట్లో లేచింది మా అరటే, నాకు తెలుసులే. గెల కోసేక దాన్ని నరకడం మాత్రం మర్చిపోకు.