మోకాళ్ల వాపు తగ్గాక

కంటి ఆసుపత్రి వరండాలో ఆమె బల్ల మీద కూర్చుని ఉంది. భర్త మెకానిక్ షెడ్డు నుంచి గ్రీజు చేతులతోనే పరుగున వచ్చాడు. ఏడేళ్ల కూతురిని నర్సు లోపలికి తీసుకెళ్లింది.

"డాక్టరుగారు ఏమన్నారు?"

"కుడి కన్ను పోయిందటండీ. ఇక చూపు రాదన్నారు."

"అదెలా పోతుంది? కన్ను ఎర్రబడలేదు, నీరు కారలేదు. నొప్పని ఒక్కనాడైనా అందా?"

"ఆ కీళ్ల జబ్బే లోపల్లోపల కంట్లో వాపు తెచ్చిందట. పిల్లలకి పైకేమీ తెలీదట. అందుకే అప్పుడు కీళ్ల డాక్టరు కళ్లు కూడా చూపిస్తూ ఉండమన్నారు."

"మోకాళ్ల వాపు తగ్గింది, గంతులేస్తోంది, గండం గడిచిందనుకున్నాం కదే!"

"మీరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను."

"మొన్న మెట్టు తప్పి పడితే, కళ్లు నెత్తికెక్కాయా అని తిట్టాను దాన్ని."

"ఊరుకోండి."

"మరి రెండో కన్ను?"

"దానికీ మొదలైంది. మందులు వేస్తారట. నిలుస్తుందని మాత్రం మాట ఇవ్వలేమన్నారు."

"నాది తీసి పెట్టమను. నాకు ఒకటి చాలు."

"నాది ఇస్తానని అడిగాను. అలా కుదరదన్నారు."

"ఇన్నాళ్లూ కనపడట్లేదని పిల్ల నోరెందుకు విప్పలేదే?"

"నేనూ అదే అడిగాను. 'అందరికీ ఒక కన్నే కదమ్మా కనిపించేది' అంది."

అతను గ్రీజు చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు.

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? అవును తల్లీ అన్నాను."