మూడో భాగంలో ఊపిరి

చాలయ్యా, ఎన్నిసార్లు వెనక్కి తిప్పుతావు? చూశానన్నాగా. బట్టల కుప్పలో శవం పడుంది, ఊపిరి తియ్యట్లేదు. శవాలు ఊపిరి తియ్యవు కాబట్టి ఇన్నాళ్లకి బాగుపడింది ఆ సినిమా. ఆ రిమోటు అక్కడ పెట్టు.

కోపమేం లేదు. పొద్దున్నే తలుపు కొట్టి, "పిన్నీ, బాబాయ్ లేరు కదా" అని అడిగి మరీ లోపలికొచ్చావే, అదే నచ్చలేదు నాకు. ఇన్నేళ్లుగా నువ్వొచ్చేది మీ బాబాయ్ కోసం. నీ కళ్ళద్దాల షాపుకి సెలవైన రోజల్లా వచ్చి, ఇద్దరూ ఆ ముసుగేసుకుని చంపేవాడి సినిమాల డబ్బాలు ముందేసుకుని కూర్చుంటారు. ఈ టేపులో రక్తం మరీ నల్లగా ఉంది, ఆ డిస్కులో రెండు నిమిషాలు కోసేశారు, అట్ట మీద బొమ్మ పాతదే నయం. పెళ్ళిచూపుల్లో కూడా అంత వివరం అడగరు. అలాంటిది ఇవాళ ఆయన క్షవరానికెళ్ళిన టైము చూసుకుని, నా కోసం వచ్చావు.

కాఫీ పెట్టనా? వద్దా. సరే, నాకూ వద్దు.

ఏదో కాగితం తెచ్చానన్నావు. సంతకమా? దానికా ఇంత హడావిడి, ఇటివ్వు.

"మూడో భాగంలో శవానికి ఊపిరి తిరిగి ఇవ్వాలి." ఎవరు రాశారయ్యా ఇది? పదకొండు వందల మంది సంతకాలు పెట్టారా? వీళ్ళకి ఇళ్ళూ వాకిళ్ళూ లేవా? ఏడు సినిమాలు, ఒక్కోదాంట్లో పదేసి మంది చచ్చారు. ఆ ఏడూ కొత్తగా బాగుచేసి అమ్మిన డిస్కుల పెట్టె ముచ్చటపడి కొనుక్కుని, వీళ్ళు ఏడుస్తున్నది అందులో శవంగా పడుకున్న నా ఊపిరి పోయిందని. ఆ సినిమాలో నాకు పేరు కూడా లేదు తెలుసా? చివర్లో పేర్లు పడేటప్పుడు "లాండ్రీ షాపులో స్త్రీ" అని వేశారు, అంతే.

అవునులే, నీకు తెలియందేముంది. ఊపిరి ఉంటేనే అందం అని సగం మంది, అది తప్పు కాబట్టి దిద్దాల్సిందే అని సగం మంది, రోజూ కంప్యూటర్లో కొట్టుకు చస్తుంటారని మీ బాబాయ్ చదివి వినిపిస్తారు. "నీకోసం యుద్ధాలు జరుగుతున్నాయే" అని నవ్వుతారు. ఆయనకి అదో గొప్ప. లైటు బాబాయ్ అంటే ఆ గుంపులో తెలియనివాళ్ళు లేరట కదా. ఆ సినిమాకి లైట్లు పట్టిన మనిషి, ఆ ఊపిరి పీల్చిన ఆవిడ మొగుడు. ఇంకేం కావాలి.

ఈ ఇంటికి ఎవరొచ్చినా ముందు ఆ ముక్క చూపించాల్సిందే. గ్యాసు బండ తెచ్చినతన్ని కూడా కూర్చోబెట్టి చూపించారు. "చూడు చూడు, ఇదిగో ఇక్కడ, మా ఆవిడ పొట్ట కదిలింది చూశావా" అని తొడ మీద చరుచుకుని నవ్వుతారు. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుంటాను. ముప్ఫై ఒక్కేళ్ళుగా తిప్పుకుంటున్నాను.

ఎందుకంటావేంటి? సిగ్గనుకో.

సరే, కలం ఇవ్వు. పెడతాను. పెట్టేసి నీ దారిన నిన్ను పంపిస్తాను... ఇంకా ఏముంది?

ఈ ఫోటో ఏంటి?

ఎంత పెద్దది చేశావయ్యా, మనిషి మొహం గోడంత చేశావు. నా కళ్ళు కదా ఇవి. ఆ, కదిలాయి, అయితే ఏంటి? తెరిచిన కళ్ళు మూయకుండా పడుకోమంటే నువ్వు పడుకుంటావా? ఆ లైట్ల వేడికి నీళ్ళు కారిపోయేవి. మండి కదిలాయి. ఈగ వాలిందేమో కూడా.

పైకెందుకు చూశానంటే నాకేం గుర్తుంటుంది?

నిజమే, రోజంతా జనం కళ్ళు చూసే పని నీది. మండిన కళ్ళకీ, ఏదో చూసిన కళ్ళకీ తేడా తెలుస్తుందంటావు. మరి ఇన్నేళ్ళూ ఏం చేశారయ్యా మీరంతా? టేపులు కొన్నారు, డిస్కులు కొన్నారు, కళ్ళల్లో వత్తులేసుకుని చూశారు. ఒక్కళ్ళకీ కనపడలేదే.

పొట్ట చూశారా. అవును. అందరూ పొట్టే చూశారు. ఇప్పుడది కదలట్లేదు కాబట్టి కళ్ళ దాకా వచ్చారు. ప్రింటు కూడా అద్దంలా చేశారు, మహానుభావులు.

ఇది గుంపులో పెట్టావా? నా మొహం చూసి చెప్పు. పెట్టలేదు కదా.

గడియారం అక్కడ నీ వెనకుంది, టైమెంతయింది? పది దాటిందా. ఆయన వచ్చేస్తారు. చెప్పాల్సింది చెప్పేస్తాను, విను. మధ్యలో అడ్డు రాకు, ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేను.

ఆ వేషం నాకు ఇప్పించింది మీ బాబాయే. రావాల్సిన అమ్మాయి రాలేదు. పడుకోవడమేగా, మా ఆవిడ పడుకుంటుంది సార్ అని డైరెక్టరు కాళ్ళావేళ్ళా పడ్డారు. తీరా చూస్తే నాకు శవంగా పడుకోవడం కూడా చేతకాలేదు. ఒకసారి తుమ్మాను. ఒకసారి కన్ను ఆర్పాను. పదమూడు టేకులు తిన్నాను. డైరెక్టరు నన్ననలేదు, అందరి ముందూ ఆయన్ని అన్నాడు. "నీ పెళ్ళాన్ని తెచ్చి నా కొంప ముంచావు, ఇది చెడిందంటే ఇద్దరూ ఇంటికే" అన్నాడు. రీలు కూడా అదే ఆఖరిది.

మీ బాబాయ్ నా తలకి సరిగ్గా పైన ఉన్నారు. అడ్డంగా ఒక చెక్క కట్టుకుని, దాని మీద కూర్చుని లైటు పట్టుకున్నారు. టేకు మొదలయ్యే ముందు కిందకి వంగి మెల్లగా అన్నారు. "ఈసారి కదలకే. నా పరువు తియ్యకు."

కెమెరా నా కాళ్ళ దగ్గర మొదలై మొహం దాకా వస్తుంది. వచ్చాక తొమ్మిది లెక్కపెట్టేదాకా బిగపట్టుకోవాలి. లోపల లెక్కపెట్టుకుంటున్నాను. ఐదు దాకా వచ్చాను.

చెక్క కట్టిన తాడు ముడి జారుతోంది.

నా కళ్ళు తెరిచే ఉన్నాయి కదా, ఎటు చూడాలి నేను? ముడి ఊడుతుంటే, తాడు కొస లోపలికి వెళ్ళిపోవడం చూశాను. ఆయనకి కనపడదు, ఆయన వీపు వెనకాల ఉంది. కింద ఇంతమంది ఉన్నారు, అందరూ నన్నే చూస్తున్నారు.

అరుద్దామని గాలి పీల్చాను.

అదీ మీ ఊపిరి. మీరు అట్టల మీద బొమ్మ వేసుకుంది, చొక్కాల మీద అచ్చేసుకుంది అదే. శవంగా ఉండటం చేతకాక తీసిన ఊపిరి కాదది. ఆయన పేరు పెట్టి పిలుద్దామని పీల్చాను. ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు ఆయన్ని. పిలిచేదాన్నే ఆ రోజు.

పీల్చి ఆపేశాను. ఇంకో నాలుగు లెక్కపెడితే అయిపోతుంది కదా, అప్పటిదాకా ఆ ముడి ఆగుతుందిలే అనుకున్నాను. ఆగింది కూడా నాయనా. కట్ అనేదాకా ఆగింది. కట్ అనగానే ఆయన సంబరంగా కాలు కదిపారు, ముడి ఊడి చెక్క అటు పక్కకి ఒరిగిపోయింది.

ఇటు రెండడుగులు జరిగి పడుంటే బట్టల కుప్ప మీద పడేవారు. వాషింగ్ మిషను అంచు మీద పడ్డారు.

ఆసుపత్రిలో తెలివి రాగానే అడిగింది నడుము గురించి కాదు. "టేకు ఓకేనా?" అన్నారు. ఓకే అన్నాను. ఇంకేం అనను? తర్వాత చెప్దాం, కాస్త కోలుకోనీ అనుకున్నాను. కర్ర పట్టుకుని లేచేసరికి ఆర్నెల్లయింది. అప్పటికి సినిమా వచ్చేసింది, ఆయన హాల్లో ఆ ఊపిరి చూసి కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వారు. "చివరికి ఊపిరి పీల్చేశావు కదే పిచ్చిమొహమా" అన్నారు. నడుం విరిగాక ఆ మనిషి నవ్వడం అదే మొదటిసారి. అప్పుడు చెప్పమంటావా నన్ను?

ఇంకోటి ఉంది. ఆ ముడి తనే సరిగ్గా వెయ్యలేదని ఇప్పటికీ అనుకుంటారు. నిచ్చెనెక్కే మనిషి రేడియోలు, మిక్సీలు బాగుచేసుకుంటూ ఇంట్లో కూర్చుండిపోయి, "నా పొరపాటుకి నిన్ను కష్టపెట్టానే" అని నన్ను ఊరడిస్తారు. నన్ను.

ఉండు, అయిపోలేదు. అసలుది చెప్పలేదు.

కొత్త పెట్టె వేసే కంపెనీవాళ్ళు పోయినేడు ఫోన్ చేశారు కదా, పాతవాళ్ళ మాటలు రికార్డు చేస్తామని. ఆయనతో గంటన్నర మాట్లాడారు. చివర్లో ఫోను నాకిమ్మని అడిగారు. ఆయన మందు బిళ్ళ కోసం లోపలికెళ్ళారు. మీకేమైనా కావాలా అమ్మా అని ఫోన్లో ఆ కంపెనీ పిల్ల మర్యాదకి అడిగింది. ఆ ఊపిరి తీసెయ్యండమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటాను అన్నాను. ఎవరికీ చెప్పొద్దన్నాను. మాట నిలబెట్టుకుంది ఆ తల్లి. మీ పదకొండు వందల మందీ తిట్టిపోస్తున్నది నన్నేనయ్యా.

అది లేకపోతే ఇంకెవరికీ చూపించరు అనుకున్నాను. కుళాయి తిప్పుకునే పని తప్పుతుందనుకున్నాను.

ఇదీ సంగతి. ఇప్పుడు నీ చేతిలో ఉంది. ఆ ఫోటో చింపేస్తానను, ఈ కాగితం మీద రెండు సంతకాలు పెడతాను. మళ్ళీ ఊపిరి పెట్టించండి, జనం మళ్ళీ పొట్ట చూస్తారు, నా కళ్ళ జోలికి రారు. ఆయనకి తెలియకూడదు. ఈ వయసులో ఆయనకి తెలియకూడదు, నాకు కావాల్సింది అదొక్కటే.

ఏం, ఆ ఫోటో బోర్లా తిప్పి పెట్టావేం?

కింద చూస్తావేంటయ్యా? ఈ ఫోటో నువ్వు తీసింది కాదా? మరి ఎవరిచ్చారు?

బాబాయా?

ఎప్పుడు? బుధవారం. బుధవారమే నీ షాపుకి వచ్చారా. ఏమన్నారు? ఉన్నదున్నట్టు చెప్పు. ఏమీ అనలేదా. పెద్దది చేసి పెట్టమన్నారు, చూశారు, నీకే వదిలేసి వెళ్ళారు. అంతేనా.

మరి ఇవాళ... పది రోజులు కాలేదే ఆయన క్షవరం చేయించుకుని. మీ పిన్నిని అడుగు, నాతో చెప్పదు అన్నారా? నేను ఇంట్లో ఉండను అన్నారా.

బుధవారం నుంచి మామూలుగానే ఉన్నారు కదయ్యా. పక్కనే కూర్చుని తిన్నారు. రాత్రి నా కాళ్ళు లాగుతున్నాయంటే తైలం సీసా తెచ్చిచ్చారు. నిన్న ఎదురింటాయన వచ్చి ఆ ముక్క పెట్టమంటే, టీవీ బాగోలేదన్నారు. నేను సంతోషించాను కూడా.

ఆయన చూసింది ఈ కొత్తది. ఇందులో నా కళ్ళున్నాయి. ముడి జారడం చూశాను, చూసి కట్టెలా పడుకున్నాను, అదే ఉంది ఇందులో. అరవబోయినట్టు ఎక్కడా లేదు. అరవబోయానని చెప్పడానికి ఈ లోకంలో నాకున్నది ఆ ఒక్క ఊపిరి. దాన్ని నేనే బతిమాలి తీయించేశాను.

ఆ... కర్ర చప్పుడు. వచ్చేశారు.

నువ్వు కూర్చో, ఎక్కడికీ వెళ్ళకు. కాదు, వెళ్ళి మెట్ల దగ్గర చెయ్యందించు, ఆ మూడోది ఎక్కలేరు. ఈలోగా నేను పాత టేపు వెతికి పెడతాను. ఊపిరి చూపించి అప్పుడు చెప్తాను, ఇది నిన్ను పిలవడానికి తీసిందే అని.

నమ్ముతారంటావా? ఆయన చోట నేనుంటే నమ్మను.