గుంజ నరికిన అయ్యగారు

జకరయ్య అయ్యగారని మా పేట గుడికి పాస్టరు ఉండేవోడు. గొంతు పెద్దది, మనసులో గుట్టు లేదు మనిషికి. తెల్లోడి మీద జనం తిరగబడ్డ నలభై రెండో సంవత్సరం అది. మా రూతమ్మ కొడుకు ఏలియా టెలిగ్రాపు తీగలు తెంపి పారిపోయాడనుకో. అయ్యగారికి ఏం అలవాటంటే, ఆదివారం వచ్చిందంటే కష్టంలో ఉన్నోళ్లందర్నీ పేరుపేరునా చెప్పి ప్రార్థన చెయ్యాల. ఏమైందంటే, ఆ వారం కళ్లు మూసుకుని, "ప్రభువా, ఏటి మధ్య లంకలో రెల్లుపొదల్లో దాక్కున్న ఏలియాని కాపాడు" అనేశాడు. వెనక చాప మీద మామూలు బట్టల్లో కనిస్టీబు కూర్చోనున్నాడు. ఇంకేముంది, మధ్యాన్నానికల్లా ఏలియాకి బేడీలు పడ్డాయి.

పేటంతా గుడి ముందర పోగయ్యింది. రూతమ్మ దుమ్మెత్తి పోసిందంట. మిషను దొరల కూడు తిన్నావు, ఆ దొరలకే నా బిడ్డని పట్టిచ్చావు, నువ్వు అయ్యగారివి కాదు, వేగులోడివి అని. పెద్దోళ్లేమో వారం తిరక్కుండా పేట వదిలి పొమ్మన్నారు. ఆయన తల వంచితేనా? నోరు జారాను, అది నా తప్పే, ఒప్పుకుంటున్నా అన్నాడు. "వాడు పుట్టిన కాణ్ణించీ ప్రతివారం వాడి పేరెత్తుతున్నా. ఆపదలో ఉన్నప్పుడు ఎట్టా మానేది? వేగులోణ్ణి మాత్రం కాదు. వచ్చే ఆదివారం ఇక్కడే ప్రార్థన చేస్తా, ఎవరాపుతారో చూస్తా" అన్నాడంట.

శనివారం ఏం చేశాడనుకున్నారు? తెల్లంగీ తొడుక్కుని, గొడ్డలి భుజానేసుకుని, మిట్టమధ్యాన్నం రైలుకట్ట మీదికి పోయాడు. అరవై ఏళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు. టెలిగ్రాపు గుంజని మొదలంటా నరికాడు. గుంజ పడితే తీగ తెగక ఏం చేస్తది? ఇదేం పనయ్యా అని భార్య మొత్తుకుంటే, రేపు దేవుడి ముందర అబద్ధం ఆడలేను గదే అన్నాడంట.

తెల్లారి కనిస్టీబు మళ్లీ వచ్చాడు, ఈసారి ఎర్రటోపీతోనే. అయ్యగారు కళ్లు మూసుకోలా. అతని మొహంలోకే చూస్తా, "ప్రభువా, నిన్న కట్ట మీద గుంజ నరికిన నీ దాసుడు జకరయ్యని కాపాడు. ఎక్కడున్నాడంటావా, ఇదుగో, నీ గుడిలోనే ఉన్నాడు" అన్నాడు.

బేడీలేసి తీసకపోతంటే రూతమ్మ అడ్డమొచ్చి కొంగుతో ఆయన మొహం తుడిచిందంట. "పాపిష్టి మాటలన్నాను, మన్నించండి అయ్యగారూ. జైల్లో నా కొడుకు కనపడితే వాడికోసం ప్రార్థన చెయ్యండి. కాకపోతే, కాస్త మెల్లగా చెయ్యండి" అంది.

ఏడాది వేశారాయనకి. మా పేటలో ఇప్పటికీ ప్రార్థనలో మనిషి పేరు చెప్తాం గానీ, ఎక్కడున్నాడో చెప్పం. దేవుడికి ఆ మాత్రం తెలవదా ఏంది.