ఒక సీసా ఎర్ర వైన్

ఏజియన్ సముద్రంలో పెనుగాలులకి రెండు రోజులు బయల్దేరకుండా ఆగిపోయిన ఓడ ఆ ఉదయమే రేవుకు చేరింది. అందులోంచి దిగినావిడ కాఫీ కొట్లో కూర్చుని, రేకుపెట్టెను ఒళ్ళో పెట్టుకుంది. కొట్టాయన కాఫీ తెచ్చాడు.

“బాబాయ్, సమాధుల తోటకి బస్సెప్పుడు?”

“తొమ్మిదింటికి. టాక్సీ ఎక్కకు తల్లీ, కొత్తవాళ్లని ఊరంతా తిప్పుతారు.”

“ఎర్ర వైన్ ఎక్కడ దొరుకుతుంది?”

“రేవులో మాత్రం కొనకు, సగం నీళ్ళే. చర్చి వెనక సందులో పీపాలోంచి పోస్తారు. తాగడానికా, ఆచారం ప్రకారం సమాధిలోంచి తీసిన ఎముకలు కడగడానికా?”

“కడగడానికే. మా అన్నయ్య స్ట్రాటిస్‌వి. ఇక్కడే ఓడలకి రంగులేస్తూ పోయాడు. మూడేళ్లు నిండాయి, ఎముకలు తీసుకెళ్లి సమాధి ఖాళీ చెయ్యమని కాగితమొచ్చింది. అందుకే ఈ పెట్టె.”

“ఒక మనిషికి ఒక సీసా సరిపోతుంది. ఏ రోజుకి రమ్మన్నారు?”

“మొన్నటికి. ఓడలు ఆపేశారు, నేనొచ్చేదాకా ఆగమని ఫోన్ చేశాను. ఎవరో సరే అన్నారు.”

“ఎవరు?”

“పేరు అడగలేదు. ఏం బాబాయ్, అలా చూస్తావేం?”

“గోతులు తవ్వేవాడు నిన్న ఇక్కడే కాఫీ తాగాడమ్మా. ఎవరూ రాని ముగ్గురి ఎముకలు తీసి, అందరివీ కలిపేసే పెద్ద గోతిలో పోశానన్నాడు.”

“అన్నయ్య కుడికాల్లో, ఎముక విరిగినప్పుడు వేసిన ఇనప కడ్డీ ఉంది. వెతుక్కుంటాను.”

“ఇది ఓడల్లో పనిచేసేవాళ్ల ఊరు తల్లీ. ఆ గోతిలో కడ్డీ ఉన్న కాళ్లు చాలానే ఉంటాయి.”

ఆవిడ పెట్టె మూత తీసి, మళ్ళీ మూసింది.

“అయితే ఒక సీసా సరిపోదు బాబాయ్.”