పెదనాన్న కాల్ సైన్

కోతలు కోసేవాడికి కొడవలి అక్కర్లేదు, వినేవాళ్ళకి ఓపికుంటే చాలు. బస్టాండు ఎదురుగా ఉన్న టీకొట్టులో సాయంత్రమయ్యేసరికి ఆ ఓపికున్నవాళ్ళంతా చేరతారు. ఆ రోజు చిన్నోడు మాత్రం ఓపికుండి రాలేదు, వాళ్ళమ్మ తోస్తే వచ్చాడు.

ఇంట్లో అందరికీ చిన్నోడే గానీ, మనిషి ఆరడుగులుంటాడు, యుద్ధవిమానం నడుపుతాడు. సెలవు మీద ఇంటికొచ్చాడు. రేపు మళ్ళీ వెళ్ళిపోవాలి. మధ్యాహ్నం వాళ్ళమ్మ వంటింట్లో గిన్నెలు తుడుచుకుంటుంటే గుమ్మంలో నిలబడి, "అమ్మా, నేనిక విమానం ఎక్కను. వెళ్ళగానే ఏదైనా ఆఫీసు పనిలో వేయమని అడుగుతాను" అనేశాడు. ఆవిడ చేతిలో గిన్నె చేతిలోనే ఉండిపోయింది. ఎందుకురా అంటే చెప్పడు. ఒంట్లో బాగాలేదా అంటే బాగానే ఉందంటాడు. భయమా అంటే కాదంటాడు. ఆవిడకి ఏం చెయ్యాలో తోచక, పక్క వీధిలో ఉండే బావగారికి కబురు పెట్టింది. ఆయన రాగానే, "బావగారూ, మీకు ఆ విమానాల సంగతి తెలుసు. మీ మాటైతే వింటాడు, కాస్త చెప్పండి" అని కళ్ళు తుడుచుకుంది. సాయంత్రం టీకొట్టుకి పంపమన్నాడాయన.

అసలు సంగతి అమ్మకి ఎలా చెప్తాడు? గాల్లో ఉన్నప్పుడు పైలట్లు ఒకళ్ళనొకళ్ళు ఇంట్లో పెట్టిన పేర్లతో పిలుచుకోరు. రేడియోలో పిలవడానికి ఒక పొట్టి మారుపేరుంటుంది, దాన్నే కాల్ సైన్ అంటారు. పోయిన నెల చిన్నోడికి తోటివాళ్ళు 'ఇల్లరికం' అని పెట్టారు. ఒకరోజు మేఘంలోంచి బయటపడి, తన దళం అనుకుని ఇంకో దళం పక్కన చేరి, వాళ్ళతో బుద్ధిగా ఎగిరినందుకు. అప్పట్నుంచీ భోజనాల గదిలో అడుగు పెడితే చాలు, "అల్లుడుగారొచ్చారు, లేవండి లేవండి" అని అందరూ కుర్చీలు జరుపుతారు. ఆ నవ్వులు తలుచుకుంటే వాడికి రాత్రి నిద్ర పట్టదు. బతికినన్నాళ్ళూ ఆ పేరు మోయడం కన్నా బల్ల ముందు కూర్చుని కాగితాలు చూసుకోవడం నయమనుకున్నాడు.

పెదనాన్న క్లాసు పీకుతాడనుకుని మనసులో జవాబులన్నీ సిద్ధం చేసుకుని వచ్చాడు. పెదనాన్న క్లాసు పీకలేదు. టీ గ్లాసు అందుకుని, బెంచీ మీద సర్దుకుని, కోత మొదలెట్టాడు.

పెదనాన్నని ఊళ్ళో 'విమానం పెద్దాయన' అంటారు. ముప్పై ఏళ్ళు విమానాల స్థావరంలో పనిచేశాడు. విమానాలకి నూనె పట్టే ట్యాంకరు లారీ నడిపేవాడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, ఆయనొక్కడికే అప్పుడప్పుడూ గుర్తుండదు.

"మనం చేసింది పెద్ద గొప్పేం కాదనుకో," అన్నాడు పెదనాన్న. ఆయన ఈ మాట అన్నాడంటే పక్క కొట్టు దర్జీ కుర్చీ దగ్గరికి లాక్కుంటాడు. "ఆ పూట పైలట్‌కి జ్వరం. విమానం షెడ్డులోంచి తీసి పక్క షెడ్డులో పెట్టాలి, అంతే. ఎవరూ లేరు. పెద్దాఫీసరు నా వంక చూశాడు. నేను ఆయన వంక చూశా. సరే, పక్క షెడ్డుకే కదా అని ఎక్కి కూర్చున్నా, మీట ఇలా నొక్కానో లేదో, ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పక్క షెడ్డు చేరింది," అన్నాడు దర్జీ.

"పక్క షెడ్డు పైనుంచి వెళ్ళింది! కిందికి చూద్దును కదా, మనుషులు బియ్యపు గింజల్లా ఉన్నారు. పోనీలే, వచ్చినవాణ్ణి వచ్చాను, ఒక చుట్టు చుట్టి వద్దామనుకున్నా. చెవిలో రేడియో గరగరమంటోంది, 'ఎంత ఎత్తులో ఉన్నావ్?' అని. మన భాషలో ఎత్తు చెప్పాలంటే ఏంజెల్స్ అనాలి. ఏంజెల్స్ ఇరవై అంటే ఇరవై వేల అడుగులు. నేనేమన్నానో తెలుసా? ఏంజెల్స్ రెండొందలు!"

టీకొట్టామె పాలగిన్నె దించుతూ, "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట. అంత ఎత్తులో గాలెక్కడుంటుంది పెద్దాయనా?" అంది.

"ఉండదమ్మా, అందుకే ఊపిరి బిగబట్టా."

చిన్నోడికి నవ్వు రాలేదు. ఎదురుగా బస్సు దిగిన జనం సంచులు మోసుకుంటూ పోతున్నారు. రేపీపాటికి తను ఎవరి బల్ల ముందు నిలబడి, ఏ మాటతో మొదలుపెట్టాలా అని ఆలోచిస్తున్నాడు. పెదనాన్న మాటలు ఒక చెవిలో పడుతున్నాయి.

"అంతలో దూరంగా శత్రువు! ఒకటా రెండా, ఆకాశం నిండా. శత్రువు కనబడితే టాలీ అనాలి, మనవాడు కనబడితే విజువల్ అనాలి. తేడా తెలియకపోతే కొంప మునుగుతుంది, ఏరా చిన్నోడా?"

చిన్నోడు తలెత్తాడు. తెలిసి అన్నాడా, తెలియక అన్నాడా అని పెదనాన్న మొహంలోకి చూశాడు. అక్కడ అనుమానించడానికేమీ లేదు. ఆయన ఇప్పుడు ఆకాశంలో ఉన్నాడు.

"టాలీ అని ఒక్క అరుపు అరిచి తూటాలన్నీ కుమ్మరించా. అయిపోయాయి. అయిపోతే విన్‌చెస్టర్ అనాలి. అన్నాను. అయినా ఒకడు మిగిలాడు, నా వెనకే తగులుకున్నాడు, వదలడే! నా దగ్గరేముంది, టిఫిన్ డబ్బా ఉంది. కిటికీ తీసి విసిరా."

"తగిలిందా?"

"తగలడమేమిటి, మూత కూడా ఊడకుండా తగిలింది. వాడు అటు, డబ్బా ఇటు. ఆ డబ్బా కోసం మీ పెద్దమ్మ ఇప్పటికీ నన్ను సాధిస్తుందిరా."

దర్జీ తొడ చరిచి నవ్వాడు. టీకొట్టామె ఇంకో విడత టీ పోసింది. పెదనాన్న గొంతు ఇంకాస్త లేచింది.

"ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి. నూనె ముల్లు చూస్తే బింగో. బింగో అంటే ఇల్లు చేరడానికి సరిపడా నూనే ఉంది, ఇక సరదాలు చాలించి వెనక్కి తిరగమని. నేను తిరగలేదు. ఎందుకంటే ఇల్లెటో తెలిస్తే కదా తిరిగేది! సరే, నూనె అయిపోయింది. ఇంజన్ ఆగింది. నిశ్శబ్దం. కిందికి జారుతున్నా. దూరంగా మన రన్‌వే కనబడింది గానీ అక్కడిదాకా చేరేలా లేను. అప్పుడు రన్‌వే మీద చూద్దును కదా, నా ట్యాంకరు లారీ! నేను ఆపదలో ఉన్నానని ఎలా తెలిసిందో ఏమో, దుమ్ము రేపుకుంటూ సరిగ్గా నా కిందికొచ్చి, నాతో సమానంగా పరిగెత్తుతూ, నూనె పైపు పైకి విసిరింది. నేను రెక్క మీదికొచ్చి పట్టుకున్నా. ఫుల్ ట్యాంకు!"

"ఉండవయ్యా ఉండు," అన్నాడు దర్జీ, వేలెత్తి. "ఆ లారీ ఎవరు నడిపారు?"

"నా లారీని వేరేవాళ్ళ చేతికిస్తానా? నేనే."

"మరి విమానంలో?"

"అదీ నేనే."

ఆ ధైర్యానికి అడ్డుచెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆ సందులో పెదనాన్న విమానాన్ని కిందికి దించేశాడు.

"దిగేసరికి పైలట్లందరూ బారుగా నిలబడ్డారు. పెద్దాఫీసరు ముందుకొచ్చి, 'నీ కాల్ సైన్ ఏమిటి?' అన్నాడు. నాకు నేనే పెట్టుకున్నాను, అప్పటికప్పుడు. 'మెరుపు' అన్నాను. అందరూ ఒక్క గొంతుతో, మెరుపు! మెరుపు! ఇప్పటికీ అక్కడ రేడియోలో ఆ పేరు ఎవరికీ ఇవ్వరు. అది నాదే."

'మెరుపు' అన్నప్పుడు పెదనాన్న గొంతు తగ్గింది. ఇంతసేపూ అరిచినవాడు ఆ ఒక్క మాట దగ్గర మెత్తబడ్డాడు. అది చిన్నోడికి వినబడింది. వినబడ్డా ఆగలేకపోయాడు. నెలరోజులుగా దాచుకున్నది బయటికొచ్చేసింది.

"పెదనాన్నా, లారీని కూడా ఎగరేసెయ్, నమ్ముతాను. టిఫిన్ డబ్బా నమ్ముతాను. రెండొందల ఏంజెల్స్ నమ్ముతాను. ఆ పేరు మాత్రం పచ్చి అబద్ధం."

పెదనాన్న గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగింది. "అంటే?"

"ఎవడి పేరు వాడు పెట్టుకోవడం ఎక్కడా లేదు. మెరుపులూ పిడుగులూ సింహాలూ ఎవరికీ ఉండవు. పేరు తోటివాళ్ళు పెడతారు. అదీ నువ్వేదో వెధవ పని చేస్తేనే పెడతారు. మా దాంట్లో అందరికన్నా గొప్పగా ఎగిరేవాడి పేరు 'వాంతి'. మా దళనాయకుడు 'గొళ్ళెం', విమానం తలుపు వేసుకోకుండా బయల్దేరబోయాడని. నాకేం పెట్టారో తెలుసా? ఇల్లరికం!"

దర్జీకి టీ పొలమారింది. టీకొట్టామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్నోడు ఆపలేదు. మేఘంలోంచి బయటికొచ్చి, పక్కన విమానాలు కనబడగానే 'విజువల్' అని గొప్పగా చెప్పి వాళ్ళ వరసలో దూరడం, 'ఎక్కడున్నావురా' అని తన దళనాయకుడు అడిగితే 'మీ కుడి రెక్క పక్కనే సార్' అనడం, ఆయన కుడివైపు చూసుకుంటే అక్కడ ఆకాశం తప్ప ఏమీ లేకపోవడం, చివరికి పక్క దళం నాయకుడు కంట్రోల్ టవర్‌కి కబురు పెట్టడం, అన్నీ చెప్పేశాడు.

"ఏమని కబురు పెట్టాడు?" అంది టీకొట్టామె, ఊపిరి తిప్పుకుంటూ.

"'ఎవరి పిల్లాడో మా వెంట వస్తున్నాడు. కుదురుగానే ఎగురుతున్నాడు. పంపించెయ్యమంటారా, ఉంచేసుకోమంటారా?' అని."

టీకొట్టు మొత్తం పగలబడి నవ్వింది. దర్జీ కళ్ళజోడు తీసి కళ్ళు ఒత్తుకున్నాడు. చిన్నోడు ఆ నవ్వుల మధ్య కూర్చుని ఉన్నాడు. తను భయపడింది ఈ చప్పుడుకే. తీరా ఇప్పుడు వింటే తన పెదవులు కూడా అటే లాగుతున్నాయి. ఆఖరి మాట తనే ఆ దళనాయకుడి గొంతు పెట్టి మరీ చెప్పాడని అప్పుడు తెలిసింది వాడికి.

నవ్వనిది పెదనాన్న ఒక్కడే. గ్లాసులోకి చూస్తున్నాడు.

"ఆ పేరు ఎంతమంది కూర్చుని పెట్టార్రా?"

"దళమంతా."

"ఎంతసేపు?"

"సాయంత్రమంతా అదే గొడవ. ఒకడు 'తప్పిపోయిన దూడ' అన్నాడు, ఇంకొకడు 'పక్కింటాయన' అన్నాడు. ఇద్దరు కొట్టుకున్నంత పని చేశారు. చివరికి చేతులెత్తించి తేల్చారు."

పెదనాన్న తలూపాడు. గ్లాసులో మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

"నువ్వన్నది నిజమేరా. మెరుపని ఎవరూ పెట్టలేదు. మెరుపనే కాదు, అసలేమీ పెట్టలేదు. ముప్పై ఏళ్ళు లారీ తోలుకుంటూ వాళ్ళ మధ్యే తిరిగాను. నేను కనబడగానే 'ట్యాంకరొచ్చింది' అనేవాళ్ళు. ట్యాంకరొచ్చింది అనేవాళ్ళురా, నేనొచ్చానని కాదు. మంచివాళ్ళే. ఒక్కరోజు కూడా నన్ను చూసి నవ్వలేదు."

చిన్నోడికి పొరపాటున చెయ్యి పెట్టకూడని చోట పెట్టానని బాధేసింది. "పెదనాన్నా, నేను ఆ ఉద్దేశంతో..."

"నాకు తెలుసులే. అది సరే, రేపు ఆఫీసులో చేరతావు కదా, అక్కడ నిన్నేమని పిలుస్తారు?"

"సార్ అంటారు."

"అక్కడ ఇంకా ఎంతమంది సార్లుంటారు?"

చిన్నోడికి లెక్కపెట్టడానికి కూడా బుద్ధి పుట్టలేదు. ఒక సాయంత్రమంతా అన్నాలు చల్లారబెట్టుకుని తన ఒక్కడి గురించే కొట్లాడుకున్నవాళ్ళ మొహాలు గుర్తొచ్చాయి. ఆ సాయంత్రం తను తలవంచుకునే ఉన్నాడు, ఆ మొహాలు సరిగ్గా చూడనేలేదు.

"అయితే ఈయనకి మనమే పెడదాం," అన్నాడు దర్జీ హఠాత్తుగా. "ఇందాక ఒప్పుకున్నాడుగా, పైనా ఆయనే, కిందా ఆయనే. 'ఇద్దరు' అని పెడదాం."

"'డబ్బా' బాగుంటుంది," అంది టీకొట్టామె.

"డబ్బా ఏం బాగుంటుందమ్మా, వినడానికి అసహ్యంగా! 'ఇద్దరు' అంటే ఒక అర్థం పర్థం ఉంది."

"మీ ఇద్దరూ నోళ్ళు మూసుకోండి," అన్నాడు పెదనాన్న లేచి నిలబడి, మొహం ఎర్రగా చేసుకుని. "నా వయసేంటి, ఈ వేళాకోళమేంటి? నేను ఒప్పుకోను!"

"ఒప్పుకోకపోతేనే ఖాయమవుతుంది పెదనాన్నా," అన్నాడు చిన్నోడు. "అదీ పద్ధతి. నావల్ల కాదని నేను కూడా ఆ రోజు ఇలాగే లేచి నిలబడ్డాను." చెయ్యెత్తాడు. "ఇద్దరుకే నా ఓటు."

దర్జీ చెయ్యి ముందే లేచి ఉంది. టీకొట్టామె కాసేపు బెట్టు చేసి, గరిటె పట్టుకున్న చెయ్యే ఎత్తింది. పెదనాన్న ముగ్గురి చేతుల వంకా చూశాడు, ఒకదాని తర్వాత ఒకటి. తిడదామని నోరు తెరిచాడు గానీ తిట్టు రాలేదు. భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ రోడ్డు దిగి నడిచాడు. చిన్నోడు వెనకే వెళ్ళాడు.

నాలుగడుగులు వేశారో లేదో, టీకొట్టామె వెనకనుంచి కేకేసింది. "ఇద్దరుగారూ! గ్లాసు పట్టుకుపోతున్నారు!"

"ఆఁ?" అని పెదనాన్న చటుక్కున వెనక్కి తిరిగాడు. పలికేశాక గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. చిన్నోడు గ్లాసు తీసుకెళ్ళి ఇచ్చి వచ్చేదాకా అక్కడే నిలబడి, పైకి చూస్తూ, నవ్వు దాచుకుంటున్నాడు.

ఇంటి మలుపు దగ్గర ఆగి, "మీ అమ్మ గుమ్మంలోనే ఉంటుందిరా. ఏం చెప్పమంటావు?" అన్నాడు.

"నువ్వేం చెప్పొద్దులే పెదనాన్నా," అన్నాడు చిన్నోడు. "ఇల్లరికం ఎందుకో నేనే చెప్తాను. ముందు అమ్మని కూర్చోబెట్టాలి, నిలబడి వింటే నవ్వలేక పడిపోతుంది."